గడప మీద పేరు

ప్రపంచంలో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా అది మొదట అడిగే ప్రశ్న ఒక్కటే... 'నువ్వెవరు?' అని. మనం యూజర్ నేమ్ కొడతాం, పాస్‌వర్డ్ కొడతాం, లోపలికి వెళ్లిపోతాం. 'సరే, ఇంతకీ నువ్వెవరు?' అని మాత్రం దాన్ని ఎదురు అడగం. అడగకపోతే ఏమవుతుందో కరీంనగర్‌లో ఒకాయనకు ఒకే ఒక్క రాత్రిలో తెలిసొచ్చింది.

2009 జూన్. రాత్రి పదకొండు దాటింది. కరీంనగర్‌లో ఓ ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్. వరసగా ముప్పై సిస్టమ్‌లున్నా వెలుగుతున్నది ఒక్కటే. దాని ముందు కూర్చున్న కుర్రాడికి ఇరవై ఆరేళ్లు. సొంతూరు బెల్లంపల్లి. కాగితం మీద హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. చేసేది మాత్రం అన్నీ... ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీయడం దగ్గర్నుంచి యాజమాన్యం వారి ఇంట్లో ఇంటర్నెట్ రాకపోతే పరిగెత్తడం దాకా.

ఆ యాజమాన్యానికే ఆదిలాబాద్‌లోనూ ఓ కాలేజీ ఉంది. కరీంనగర్ నుంచి అక్కడికి బస్సులో వెళ్లాలంటే సగం రోజు పోతుంది. అందుకని అక్కడి కంప్యూటర్లను కూడా ఇతనే ఇక్కడి నుంచి చూసుకునేవాడు. 'రిమోట్ డెస్క్‌టాప్' అని విండోస్‌లో ఓ సదుపాయం ఉంది కదా. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం కదులుతుంది. ఇక్కడ మీట నొక్కితే అక్కడ పని జరుగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో అదో వింత!

ఆ రాత్రి పని చిన్నదే. కొత్త విద్యాసంవత్సరం మొదలవుతోంది. ఆదిలాబాద్ ల్యాబ్‌లో ఓ సిస్టమ్ నిండా పాత పిల్లలు వదిలేసిన పాటలు, సినిమాలు. దాని 'డి' డ్రైవ్ ఫార్మాట్ చేసి శుభ్రం చేయాలి. ఆఫీసులో ఉన్న సిస్టమ్‌లో ఏదో ప్రింటర్ తకరారు ఉంది, అది కూడా చూడాలి. రెండూ ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్నవి. ఒకే విండోస్. ఒకే పాస్‌వర్డ్. తెర మీద పచ్చటి కొండ, నీలాకాశం కూడా రెండింటికీ అవే. తేడా అంతా నెట్‌వర్క్ నంబరులో చివరి అంకె... ఒకదానికి 10, రెండోదానికి 11.

రెండు కిటికీలూ పక్కపక్కన తెరిచాడు. అంతలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ రెండింటికీ కనెక్షన్ ఇచ్చాడు. నీలిరంగు లాగిన్ తెర వచ్చింది. అలవాటైన వేళ్లు అలవాటైన పాస్‌వర్డ్ కొట్టేశాయి. 'డి' డ్రైవ్ మీద నొక్కి ఫార్మాట్ అన్నాడు. 'ఇందులో ఉన్న సమాచారమంతా పోతుంది' అని విండోస్ హెచ్చరించింది. పోవాలనే కదా చేస్తున్నది! సరే అన్నాడు. ఎందులో ఉన్న సమాచారం, ఏ కంప్యూటర్‌లో... ఆ మాట ఆ హెచ్చరికలో లేదు. అరనిమిషం తర్వాత గానీ అతనికి వెన్నులో చలి పుట్టలేదు.

చెరిపేసింది ల్యాబ్ కంప్యూటర్‌ని కాదు. ఆఫీసు కంప్యూటర్‌ని.

'సార్, నా పేరు పోయిందా?'

అందులో ఏమున్నాయి? మూడు బ్యాచ్‌ల పిల్లల అడ్మిషన్ వివరాలు. ఇంటర్నల్ మార్కులు. ఎవరు ఎంత ఫీజు కట్టారన్న లెక్క. స్కాలర్‌షిప్పులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాలు. బ్యాకప్ సీడీ ఉంది గానీ, అది మార్చి నాటిది. ఆ తర్వాత మూడు నెలల్లో చేర్చినవన్నీ ఆ ఒక్క డ్రైవ్‌లోనే ఉన్నాయి.

తెల్లవారుజామున మొదటి బస్సెక్కాడు. సంచీలో పోయిన ఫైళ్లను వెతికి తీసే సాఫ్ట్‌వేర్ సీడీ, ఓ ఖాళీ హార్డ్ డిస్క్. రాత్రంతా నిద్ర లేదు. బస్సులో కళ్లు మూతలు పడుతున్నాయి. బస్సు ఆగిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచి కిటికీలోంచి చూసేవాడు. ఏ ఊరో? ఎదురుగా ఎరువుల దుకాణం బోర్డు, దాని కింది వరసలో చిన్న అక్షరాలతో ఊరి పేరు... జగిత్యాల. మరోసారి లేస్తే కోరుట్ల. ఇంకోసారి మెట్‌పల్లి. నిద్ర కళ్లతో ఉన్నవాడికి కూడా తానెక్కడున్నదీ ఓ బోర్డు చెప్పేస్తోంది. రాత్రి తాను చూసిన నీలి తెర మాత్రం ఆ ఒక్క ముక్క చెప్పలేదు. నిర్మల్ దాటి బస్సు ఘాట్ ఎక్కుతుంటే ఆ ఆలోచన అతని మనసులో పడింది.

ఆదిలాబాద్ చేరేసరికి ఆఫీసు ముందు ఓ అమ్మాయి, వాళ్ల నాన్న నిలబడి ఉన్నారు. ఉట్నూరు దిక్కు ఓ పల్లె నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చారు. స్కాలర్‌షిప్ కాగితాలకు కాలేజీ నుంచి మార్కులు, హాజరు రాసి ఇవ్వాలి. సాయంత్రంలోగా దాఖలు చేయకపోతే ఆ ఏడాదికి ఇంతే సంగతులు.

కంప్యూటర్ పాడైంది, కూర్చోండి అని చెప్పారు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. సాఫ్ట్‌వేర్ డిస్క్‌ను జల్లెడ పడుతోంది. ఫైళ్లయితే బయటికొస్తున్నాయి గానీ వాటి పేర్లు పోయాయి. ఒకటి, రెండు, మూడు అని వందల కొద్దీ నంబర్లు. ఏది ఎవరిదో తెలియదు. సగం తెరుచుకోవడం లేదు. తెరుచుకున్నవాటిలో ఆ అమ్మాయి బ్యాచ్ లేదు.

ఆ పిల్ల మెల్లగా తలుపు దగ్గరికొచ్చి అడిగింది: "సార్, నా పేరు పోయిందా?"

అతనికి నోట మాట రాలేదు. ఆఫీసులో పనిచేసే క్లర్కు అందుకుంది: "పేరెక్కడికి పోతదమ్మా! కంప్యూటర్ల లేకుంటే నా రిజిస్టర్ల ఉంటది, కూసో."

ఆవిడకు అప్పటికే యాభై దాటాయి. కంప్యూటర్ వచ్చాక కూడా ఆమె రిజిస్టర్ రాయడం మానలేదు. ఎన్నిసార్లు వద్దన్నా వినేది కాదు. ఎర్ర అట్ట వేసిన ఆ లావుపాటి పుస్తకాన్ని చూసి అతనే ఎన్నోసార్లు నవ్వాడు. ఆ రోజు ఆ పుస్తకంలోంచే మార్కులు చూసి చేత్తో రాసి, ప్రిన్సిపాల్‌తో సంతకం పెట్టించి, ముద్ర కొట్టించి ఇచ్చింది. ఆఫీసు మూసే వేళకు కాగితం దాఖలైంది. ఆ తండ్రీ కూతుళ్లకు ఊరికెళ్లే ఆఖరి బస్సు మాత్రం అందలేదు. ఆ రాత్రి వాళ్లు ఆవిడ ఇంట్లోనే పడుకున్నారు. అతను మూడు రాత్రులు అక్కడే ఉండి, రిజిస్టర్ ముందు పెట్టుకుని మూడు నెలల వివరాలూ మళ్లీ టైపు చేశాడు. ఆవిడ చదువుతుంటే ఇతను కొట్టాడు.

టైపు చేస్తుండగా ఆవిడే ఓ మాట అంది: "మా ఇంట్ల గిన్నెలన్నిటి మీద పేర్లు కొట్టిచ్చిన సార్. పక్కింట్ల పెండ్లయితె పది బిందెలు పోతయి, పది బిందెలు తిరిగొస్తయి. అన్ని ఒక్క తీర్గనే ఉంటయి. మీద పేరు లేకుంటె ఎట్ల తెలుస్తది?"

దీపం నంబరు

ఆ వారం చివర్లో అతను బెల్లంపల్లి వెళ్లాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులవి. తండ్రి సింగరేణిలో పనిచేసి విరమణ పొందిన మనిషి. చివరి పన్నెండేళ్లూ ఆయన డ్యూటీ లాంప్ రూమ్‌లో.

బొగ్గుబాయి సంగతి తెలియని వాళ్లకు లాంప్ రూమ్ అంటే ఏమిటో చెప్పాలి. భూగర్భ గనిలోకి దిగే ప్రతి కార్మికుడికీ టోపీకి తగిలించుకునే దీపం ఇస్తారు. నడుముకు బ్యాటరీ. ప్రతి దీపానికీ ఓ నంబరుంటుంది. ఏ నంబరు దీపం ఎవరికిచ్చారో పుస్తకంలో ఉంటుంది. షిఫ్టు దిగేవాళ్లు తమ బిళ్ల చూపించి తమ దీపం తీసుకుంటారు. పైకొచ్చాక అదే చోట పెట్టేస్తారు. షిఫ్టు ముగిసిన తర్వాత ఓ గడి ఖాళీగా కనిపించిందంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. అప్పుడు ఆ గది మొత్తం ఉలిక్కిపడుతుంది.

జరిగిందంతా విని ఆ పెద్దాయన తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"దాని మీద పేరు లేదారా?"

"ఉంటది బాపూ. లోపలికి పోయి, మై కంప్యూటర్ మీద నొక్కి, ప్రాపర్టీస్ అంటే కనబడతది."

"లోపలికి పోయినంకనా?" ఆయన నవ్వాడు. "మరి ఏం ఫాయిద? దీపం నెంబరు బాయిల దిగినంక చూసుకుంటమా, దిగక ముందు చూసుకుంటమా? మా బాయిలకు సుత పేర్లుంటయి. కల్యాణి ఖని, రవీంద్ర ఖని, శాంతి ఖని... గేటు మీదనే రాసి ఉంటది. గేటు దాటినోనికి పేరుతోని ఏం పని? బయట నిలబడ్డోనికి కావాలె గని."

ముప్పై ఏళ్లు గనిలో పనిచేసిన ఆ మనిషి కంప్యూటర్ ఎప్పుడూ ముట్టుకోలేదు. కానీ కంప్యూటర్ చదువులో ఎవరూ చెప్పని పాఠం ఆ రెండు మాటల్లో చెప్పేశాడు. పేరు ఉండటం వేరు, కనిపించాల్సిన చోట కనిపించడం వేరు!

పాతకాలపు మర్యాద

చిత్రమేమిటంటే, పాత కంప్యూటర్లకు ఆ మర్యాద తెలుసు. యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో బొమ్మల్లేని నల్లటి తెర ఉంటుంది. అందులో 'లాగిన్' అన్న మాటకు ముందే ఆ కంప్యూటర్ తన పేరు చెప్పుకుంటుంది. దాన్నే హోస్ట్‌నేమ్ అంటారు. 'నేను ఫలానా, మరి నువ్వెవరు?' అన్నట్టు ఉంటుంది ఆ వరస. ఆ తర్వాత రంగురంగుల లాగిన్ తెరలు వచ్చాయి. కొండలు, పూలు, గడియారాలు వచ్చాయి. ఆ అలంకారంలో చాలా తెరల మీద పేరు మాయమైపోయింది.

అసలు కంప్యూటర్ల మధ్య మొదటి సంభాషణే లాగిన్‌తో మొదలైంది. 1969 అక్టోబరు 29న అమెరికాలోని లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలోని కంప్యూటర్‌కు ఓ విద్యార్థి 'లాగిన్' అన్న మాట పంపడానికి ప్రయత్నించాడు. మొదటి రెండు అక్షరాలు చేరేసరికి అవతలి కంప్యూటర్ కుప్పకూలింది. ఇప్పటి ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ పుట్టుక అదే. ఆ రోజు పేర్లతో పెద్దగా పని లేదు. ఎందుకంటే ఉన్నవి రెండే!

కంప్యూటర్లు పెరిగిన కొద్దీ పేర్ల లెక్క అవసరమైంది. 1970ల్లో ఆర్పానెట్‌లో ఉన్న అన్ని కంప్యూటర్ల పేర్లూ ఒకే జాబితాలో ఉండేవి. ఆ జాబితా స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం చేతుల్లో ఉండేది. కొత్త కంప్యూటర్‌కు పేరు పెట్టాలంటే వాళ్లకు చెప్పి రాయించుకోవాల్సిందే. ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లాడి పేరూ పంచాయతీ రిజిస్టర్‌లో ఎక్కించినట్టు. ఆ పుస్తకం మోయలేనంత పెరిగిపోయాక, 1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రవేత్త డొమైన్ నేమ్ సిస్టమ్‌కు రూపమిచ్చాడు. మనం ఇప్పుడు వెబ్‌సైట్ల పేర్లు కొడితే అవి తెరుచుకుంటున్నది దాని చలవే.

కుంటాల పుట్టింది

బెల్లంపల్లి నుంచి తిరిగొచ్చాక అతను చేసిన మొదటి పని, లాగిన్‌కు ముందే పేరు కనిపించే దారి వెతకడం. దారి విండోస్‌లోనే ఉంది. 'అనుమతి లేనివారు ఈ కంప్యూటర్ వాడరాదు' వంటి చట్టపరమైన హెచ్చరికలు చూపించడానికి పెద్ద సంస్థలు ఓ సందేశపు పెట్టె వాడుతుంటాయి. పాస్‌వర్డ్ అడగడానికి ముందే అది తెర మీదికొస్తుంది. సరే అని నొక్కితే గానీ ముందుకు కదలనివ్వదు. అందులో చట్టానికి బదులు పేరు రాశాడు.

తెలుగులో రాయాలని సరదా పడ్డాడు. కొన్ని తెరల మీద అక్షరాలు వచ్చాయి, కొన్నింటి మీద గళ్లు గళ్లుగా కనిపించాయి. ఆనాటి విండోస్ ఎక్స్‌పీలో భారతీయ భాషల ఏర్పాటు విడిగా చేసుకుంటే గానీ తెలుగు సరిగా వచ్చేది కాదు. ఇక అసలు హోస్ట్‌నేమ్ సంగతికొస్తే, నెట్‌వర్క్ నియమాల ప్రకారం ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, మధ్యలో ఓ అడ్డగీత... అంతే. విండోస్‌లో పాత లెక్క ప్రకారం పదిహేను అక్షరాలు దాటకూడదు. కాబట్టి లిపి ఇంగ్లిషుది, పేరు మనది అనుకుని సర్దుకున్నాడు.

మరి ఏ పేర్లు పెట్టాలి? ఒకటి, రెండు, మూడు అని పెట్టేయొచ్చు. కానీ అసలు తప్పు జరిగిందే 10కీ 11కీ తేడా కనిపించక! ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1990లోనే డాన్ లీబెస్ అనే అమెరికన్ 'మీ కంప్యూటర్‌కు పేరు ఎంచుకోవడం' అంటూ ఓ పత్రం రాశాడు. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల వరసలో అది 1178వది. చదివితే బారసాలకు వచ్చిన పెద్దమనిషి సలహాల్లా ఉంటుంది. మీ సొంత పేరు పెట్టకండి. ఆ యంత్రం చేసే పని పేరు పెట్టకండి, రేపు పని మారిపోవచ్చు. రెండు మూడు రకాలుగా రాయగలిగే పేర్లొద్దు. మరీ పొడుగు పేర్లొద్దు. అన్నింటికీ ఒకే కోవకు చెందిన పేర్లు పెట్టండి. అయినా, ప్రతి నియమానికీ ఓ మినహాయింపు ఉంటుంది లెండి అని చివర్లో ఓ చెణుకు.

ఈ సలహాలన్నీ ముందు పెట్టుకుని అతను ఊళ్ల పేర్లు ఎంచుకున్నాడు. కరీంనగర్‌లో ఉన్న యంత్రాలకు కరీంనగర్ జిల్లా పేర్లు... ధర్మపురి, మంథని, కొండగట్టు. ఆదిలాబాద్‌లో ఉన్నవాటికి ఆదిలాబాద్ జిల్లా పేర్లు... జైనథ్, భైంసా, జోడేఘాట్. పేరు చూడగానే గోదావరికి ఈ ఒడ్డునున్నామో, ఆ ఒడ్డునున్నామో తెలిసిపోవాలి. ఎలగందుల కోట పేరు పెట్టాలని ఎంతో ముచ్చటపడ్డాడు గానీ ఇంగ్లిషులో దాన్ని ఎల్గండల్ అనీ రాస్తారు, ఎలగందుల అనీ రాస్తారు. పొచ్చెర జలపాతానికీ అదే ఇబ్బంది. ఆ రెండూ వదిలేశాడు. తాను చెరిపేసిన ఆ ఆఫీసు కంప్యూటర్‌కు మాత్రం బాగా ఆలోచించి 'కుంటాల' అని పెట్టాడు. కడెం నది మీద నేరడిగొండ దగ్గర నలభై అయిదు మీటర్ల ఎత్తు నుంచి దూకే ఆ జలపాతం పేరు. అంత ఎత్తు నుంచి పడితే ఏమవుతుందో గుర్తుండాలని!

వారం తిరక్కుండా క్లర్కు దగ్గర్నుంచి ఫోన్: "సార్, కుంటాల పొద్దటి సంది మస్తు వేడైతున్నది."

అతను నవ్వుకున్నాడు. అంతకుముందు అయితే 'ఆ కిటికీ పక్కనున్నది, కాదు కాదు, దాని పక్కది' అంటూ ఫోన్లో పావుగంట గడిచేది. పేరుంటే ఒక్క మాటలో తేలిపోయింది.

అంతటి వాళ్లకూ అదే తప్పు

చిన్న ఊళ్లో, చిన్న కాలేజీలో, నిద్రమత్తులో ఉన్న కుర్రాడు చేసిన పొరపాటు కదా ఇది అనుకుంటే పొరపాటే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే అంతర్జాతీయ సంస్థలో అచ్చంగా ఇదే జరిగింది. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు తమ పని దాచుకునే చోటు అది. అక్కడ రెండు డేటాబేస్ సర్వర్లు. పేర్లు డీబీ1, డీబీ2. ఓ ఇంజినీరు అప్పటికే చాలాసేపటి నుంచి సమస్యతో కుస్తీ పడుతున్నాడు. డీబీ2లో ఉన్నాననుకుని చెరిపివేసే ఆదేశం ఇచ్చాడు. ఉన్నది డీబీ1లో! ఒకటి రెండు సెకన్లలోనే తప్పు తెలిసి ఆపాడు. అప్పటికే 300 గిగాబైట్లలో మిగిలింది దాదాపు 4.5 గిగాబైట్లు. దాచుకున్న బ్యాకప్‌లు చూస్తే చాలావరకు పనిచేయడం లేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన ఓ నకలు దొరికింది. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం పోయింది.

ఆ సంస్థ ఏదీ దాచలేదు. మరమ్మతు పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. తప్పు చేసిన ఇంజినీరును బలిపశువును చేయలేదు. ఆ తర్వాత తీసుకోవాలనుకున్న జాగ్రత్తల్లో ఒకటేమిటో తెలుసా? ఆదేశాలు టైపు చేసే చోట, తామున్నది ఏ యంత్రంలోనో స్పష్టంగా కనిపించేలా మార్చడం. అంటే బెల్లంపల్లి లాంప్ రూమ్ పెద్దాయన చెప్పిన మాటే!

దొంగకూ కనిపిస్తుంది కదా?

ఇంతవరకు బాగానే ఉంది. మరి లాగిన్ తెర మీద పేరు రాస్తే దారిన పోయేవాడికీ కనిపిస్తుంది కదా, దాంతో ప్రమాదం లేదా అన్న అనుమానం రావచ్చు. సబబైన అనుమానమే. 'ఫీజుల లెక్కలు', 'పరీక్షల విభాగం' అని తెర మీద రాసిపెడితే బీరువా మీద 'నగలు ఇక్కడ' అని రాసినట్టే. అందుకే ఆ పాత పత్రంలోని సలహా రెండు విధాలా పనికొస్తుంది. పని పేరు కాకుండా ఊరి పేరు పెడితే, అక్కడ పనిచేసేవాళ్లకు కుంటాల అంటే ఏమిటో తెలుస్తుంది. పరాయివాడికి అదో జలపాతం, అంతే. ఇంటి ముందు పేరు రాస్తాం గానీ బీరువా తాళం ఎక్కడుందో రాయం కదా. పేరుకు తోడు పాస్‌వర్డ్‌లు కూడా వేరువేరుగా ఉండాలని అతను అప్పుడే మార్చేశాడు. ఆ రాత్రి రెండింటికీ ఒకే తాళంచెవి ఉండబట్టే గదా, తప్పు గది తలుపు అంత సులువుగా తెరుచుకుంది!

ఊరి పేర్లు పెట్టడం వల్ల మరో మేలు జరుగుతుందని అతను అప్పుడు ఊహించలేదు. 2016 అక్టోబరు 11న జిల్లాల రూపం మారిపోయింది. పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగైంది... ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడిపోయాయి. అతను పుట్టిన బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోకి వెళ్లింది. బండ్ల నంబర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకప్పుడు కరీంనగర్ అంటే ఏపీ 15, ఆదిలాబాద్ అంటే ఏపీ 1. రాష్ట్రం వచ్చాక టీఎస్ 02, టీఎస్ 01 అయ్యాయి. 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది. జిల్లా కోడ్, విభాగం కోడ్ కలిపి కంప్యూటర్లకు పేర్లు పెట్టుకున్నవాళ్లు ఒక్కో దాని పేరూ మార్చుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. ధర్మపురి ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది, మంథని పెద్దపల్లి జిల్లాలో ఉంది. అయితేనేం? ధర్మపురి ధర్మపురే, మంథని మంథనే.

మన ఇంట్లో మాటేమిటి?

ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఈ గొడవంతా ఎందుకు అనిపించవచ్చు. కానీ ఇప్పుడు ఒక్కటే ఉన్న ఇల్లు ఎక్కడుంది? నాన్నది, అమ్మది, ఇద్దరు పిల్లలవి, ఓ టీవీ, నాలుగు ఫోన్లు... అన్నీ ఒకే వైఫైలో ఉంటాయి. విండోస్ 10 తనంతట తాను పెట్టే పేరు 'డెస్క్‌టాప్' అని మొదలై, వెనక అర్థంపర్థం లేని ఏడు అక్షరాలు, అంకెలతో ముగుస్తుంది. పిల్లాడి ఫైలు ఎవరి కంప్యూటర్‌కు పంపుతున్నామో, వైఫైలో చేరిన కొత్త యంత్రం మనదో పక్కింటివాళ్లదో తెలియాలంటే దానికో సరైన పేరుండాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ అన్నచోటికి వెళితే పేరు మార్చుకునే మీట కనిపిస్తుంది. రెండు నిమిషాల పని.

ఆఫీసుల్లో, బడుల్లో వరసగా యంత్రాలున్నచోట అయితే లాగిన్‌కు ముందే పేరు కనిపించేలా పెట్టించుకోవడం మేలు. అది చేతగాకపోతే మానిటర్ అంచున ఓ కాగితం ముక్క అతికించినా ఎదురుగా కూర్చున్నవాడికి చాలు. దూరం నుంచి పనిచేసేవాడికి మాత్రం ఆ కాగితం కనిపించదు, వాడికి తెరే దిక్కు. ఇక ఫోన్ సంగతి... చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో లాక్ స్క్రీన్ మీద ఓ వరస రాసుకునే వీలుంది. అక్కడ ఇంట్లో మరొకరి నంబరు రాసిపెడితే, బస్సులో మరిచిపోయిన ఫోన్ దొరికిన మంచివాడికి తాళం తీయకుండానే ఎవరికి చెప్పాలో తెలుస్తుంది. బయట నిలబడ్డవాడి కోసమే కదా పేరు!

ఆ కుర్రాడి ఉద్యోగం ఊడలేదు. జరిగింది తానే వెళ్లి చెప్పుకున్నందుకు యాజమాన్యం నాలుగు చీవాట్లతో సరిపెట్టింది. ఇప్పుడతనికి నలభై దాటాయి. కరీంనగర్‌లోనే సొంతంగా కంప్యూటర్ల నిర్వహణ పనులు చూసుకుంటున్నాడు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లకు మొదటి రోజు ఆ 2009 జూన్ రాత్రి సంగతి దాచకుండా చెబుతాడు. స్కాలర్‌షిప్ కాగితం కోసం ఎదురుచూసిన ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా చెబుతాడు. తెర వెనకున్నవి ఫైళ్లనుకుంటాం గానీ, అవి ఎవరో ఒకరి పేర్లు అని అప్పుడు గానీ వాళ్లకు తెలియదు.

పాత కుంటాల ఎప్పుడో తుక్కులోకి పోయింది. దాని చోటుకొచ్చిన కొత్త కంప్యూటర్‌కూ అదే పేరు పెట్టారు. తాత పేరు మనవడికి పెట్టినట్టు. క్లర్కుగా పనిచేసినావిడ రిటైరయ్యారు. వెళ్తూ వెళ్తూ ఆ ఎర్ర అట్ట రిజిస్టర్‌ను తన తర్వాత వచ్చిన అమ్మాయి చేతిలో పెట్టి, ఇది మాత్రం మానొద్దని చెప్పి వెళ్లారు.

ఆదిలాబాద్‌లోని ఆ ఆఫీసులో ఇప్పటికీ పొద్దున్నే కంప్యూటర్ వేస్తే, పాస్‌వర్డ్ అడిగే ముందు తెర మీద మూడు చిన్న వరసలు కనిపిస్తాయి.

'ఇది కుంటాల. ఆదిలాబాద్ ఆఫీసు. మీరు రావాలనుకున్నది ఇక్కడికేనా?'